ఇంటికీ ఒక స్టోర్ కీపర్ కావాలి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక సామాను బయట పెట్టించడానికి నేనూ మా అబ్బాయీ వెళ్ళాం. పరుపులు, సోఫా, ఫ్రిజ్ పోయాయంటే సరే, అవి వాడుకున్న వస్తువులు. మంచం కిందనుంచి, బీరువా కింది అరలోంచి అట్టపెట్టె కూడా విప్పనివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. శాండ్‌విచ్ మిషను, జ్యూసరు, రెండు సెట్ల ప్లాస్టిక్ డబ్బాలు, ఏదో ఆఫర్‌లో వచ్చిన మూడు గొడుగులు. "ఇవన్నీ నేనే కొన్నానా అన్నయ్యా?" అంది చెల్లెలు, బురద కడుగుతూ. ఆ వీధికి రెండు వైపులా అలాంటి గుట్టలే. ట్రాక్టర్లు వచ్చి ఎత్తుకెళ్ళేదాకా వాటి మధ్యనే నడిచాం.

నేను 29 ఏళ్ళు బస్సు డిపోలో స్టోర్స్ చూశాను. అక్కడ ఒక బోల్టు కావాలన్నా మెకానిక్ ఇండెంటు, అంటే ఫలానాది కావాలనే చీటీ, రాయాలి. అరిగిన పాత సామాను కౌంటరు మీద పెడితేనే కొత్తది ఇష్యూ చేసేవాణ్ణి. టైరు అరిగితే పైన కొత్త రబ్బరు వేయించడానికి రీట్రెడింగుకి పంపేవాళ్ళం గానీ పారేయడం లేదు. చివరికి తుక్కుకి కూడా రిజిస్టరు ఉండేది. అంత లెక్కగా బతికిన మనిషిని, సత్యనారాయణపురంలో మా అద్దింట్లోకి ఏం వస్తోందో, ఏం పోతోందో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. వరద తర్వాత నెలలోనే 'వచ్చింది – పోయింది' అని ఒక నోటుబుక్కు పెట్టాను. మా ఆవిడ మొదట నవ్వింది. మీరూ మొదలుపెడితే మీ ఇంట్లోనూ నవ్వుతారు, పట్టించుకోకండి.

ముందు చెత్త తూచండి

పర్యావరణం కోసం ఏం కొనాలి అని అందరూ అడుగుతారు. వెదురు బ్రష్షా, రాగి బాటిలా అని. ఏం పారేస్తున్నారో తెలియకుండా ఏం కొనాలో ఎలా తెలుస్తుంది? ఒక్క వారం తూచండి. చేత్తో వేలాడదీసే స్ప్రింగ్ కాటా ఒకటి చాలు. తడి చెత్త ఒక బకెట్లో, పొడి చెత్త ఒక గోతంలో వేసి, బండి వచ్చే ముందు రెండూ తూచి రాసుకోవాలి.

మేం ఐదుగురం. మొదటి వారం 11 కిలోల 400 గ్రాములు తేలింది. ప్లాస్టిక్ కవర్లే ఎక్కువ ఉంటాయనుకున్నాను. కాదు, 8 కిలోలు తడి చెత్తే. అందులో తొక్కలు, కాడలు పోను, కొని కుళ్ళబెట్టిందీ, వండి మిగిల్చిందీ కలిపి రెండు కిలోల పైచిలుకు. మెత్తబడిన టమాటాలు, పసుపెక్కిన కొత్తిమీర, ఆదివారం చేసి మంగళవారం పారబోసిన సాంబారు. ఆ టమాటాలకి నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, లారీలో తెచ్చి, మన ఫ్రిజ్‌లో కరెంటు పెట్టి దాచి, చివరికి చెత్తబండికి ఇచ్చాం. డంపింగ్ యార్డు గుట్టలో గాలి ఆడకుండా కుళ్ళితే అందులోంచి మీథేన్ వస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు ముదురు.

అందుకని మా ఇంట్లో మొదటి మార్పు ఏ కొత్త వస్తువూ కాదు, కొలత. రైతు బజార్లో కిలో తీసుకుంటే చవక అని కిలో తెచ్చేవాణ్ణి. ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్ళి అర కిలోలు, పావు కిలోలు తెస్తున్నాను. రైతు బజార్లు 1999లో పెట్టినప్పుడు రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. దాంతో మనకి కలిగే లాభం, కూరగాయ చుట్టుపక్కల ఊళ్ళదే అయి, సంచిలోకి విడిగా రావడం. అదే కూరగాయ సూపర్ మార్కెట్‌లో థర్మోకోల్ పళ్ళెం మీద, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టుకుని కూర్చుంటుంది.

తొక్కల సంగతి మా ఆవిడ చూసుకుంది. బీరపొట్టు పచ్చడి, సొరతొక్కు పచ్చడి మా అమ్మ చేసేది, మధ్యలో ఎందుకు మానేశామో తెలియదు. పండ్లు కాలాన్ని బట్టి కొంటాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పక్కనే ఉన్న నున్న ఊరి మార్కెట్టుకి మామిడి దిగుతుంటే, సముద్రం దాటి వచ్చిన స్టిక్కరు ఆపిల్ కొనడం నాకు మనసొప్పదు. మటన్ నెలకి ఒక్కసారికి దిగింది. అది పర్యావరణం కోసం కాదు, డాక్టరు తిట్టబట్టి. లెక్కలో మాత్రం కలిపేసుకున్నాను.

ఇప్పుడు వారానికి ఆరు కిలోలు దాటడం లేదు. అందులోనూ సగం మేడ మీద ఎరువు బకెట్లలోకి పోతుంది. దాని గురించి ఒక హెచ్చరిక. నేను మొదటిసారి పాత పెయింటు బకెట్టుకి బెజ్జాలు పెట్టి, తొక్కలతో పాటు మిగిలిన పెరుగన్నం కూడా వేసేశాను. పది రోజులకి పురుగులు, వాసన. కింద వాటా వాళ్ళు మొహం మీదే అడిగారు. వండిన అన్నం, పెరుగు, నూనె, మాంసం వేయకూడదు. పిడికెడు తడి తొక్కలు వేస్తే పిడికెడు ఎండుటాకులో కొబ్బరిపొట్టో పైన కప్పాలి. పెరుగు వద్దు గానీ, పుల్ల మజ్జిగ కాస్త చల్లితే తొందరగా కుళ్ళుతుంది. రెండు నెలలకి నల్లటి మట్టిలా వస్తుంది.

సంచి ముందు, సరుకు తర్వాత

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ దేశమంతటా నిషేధం. ఆ ఏడాది చివరినుంచి 120 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చని క్యారీబ్యాగులు కూడా ఇవ్వకూడదు. రూలు రూలే, రైవస్ కాలవ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే పల్చని కవర్లు తేలుతూనే ఉంటాయి. వాటిని కొట్టువాడు ఇస్తున్నాడు నిజమే, మనం ఖాళీ చేతులతో వెళ్తున్నామన్నదీ నిజమే.

సంచి విషయంలో మోసపోయే చోటు ఒకటి ఉంది. బట్టల షాపుల్లో గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు ఇస్తారు చూడండి, దారాలు ఉండవు, అద్దినట్టు చుక్కలు ఉంటాయి. అది గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. అనుమానం ఉంటే సింకు దగ్గర చిన్న పీలిక తీసి నిప్పంటించండి. నూలు గుడ్డయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, ఇదైతే కరిగి ముత్యంలా గట్టిపడుతుంది. ఇంట్లో చూస్తే మా దగ్గర అలాంటివి 23 ఉన్నాయి. పారేయలేదు, చిరిగేదాకా వాడుతున్నాం. వాటిని పారేసి కొత్తగా జనపనార సంచులు కొనడం ఇంకో తప్పు. నిజం గుడ్డ సంచులు కావాలంటే పాత లుంగీలు, ప్యాంటు కాళ్ళు కుట్టించుకోండి. మా వీధి చివర టైలరు నా పాత ఖాకీ ప్యాంట్లు మూడింటిని ఆరు సంచులు చేశాడు. ఒకటి స్కూటరు డిక్కీలో, ఒకటి కోడలి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి చెప్పుల స్టాండుకి వేలాడుతూ. సంచి లేకపోవడం కాదు, సమయానికి గుర్తురాకపోవడం అసలు జబ్బు. దానికి మందు, తలుపు దాటేటప్పుడు కంటికి కనిపించే చోట పెట్టడమే.

'కంపోస్టబుల్' అని ముద్రించిన కవర్లు కూడా వస్తున్నాయి. వాటిని కుళ్ళబెట్టడానికి ఫ్యాక్టరీ స్థాయి వేడి కావాలి, మన పెయింటు బకెట్టులో మామూలు కవరులాగే పడి ఉంటుంది. పేపరు కప్పు సంగతీ అంతే, టీ కారకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది.

డబ్బా పట్టుకెళ్ళడం ఇంకో మెట్టు. చికెన్ షాపులో స్టీలు డబ్బా పెడితే మొదటిరోజు కుర్రాడు, "తూకం ఎలా సార్? డబ్బా బరువు మీకు కలుస్తుంది" అన్నాడు. న్యాయమైన మాట. ఖాళీ డబ్బాని ముందు కాటా మీద పెట్టి సున్నా చేయమని చెప్పాలి. ఆదివారం రద్దీలో అది కూడా ఎందుకని మా కోడలు డబ్బా అడుగున గోళ్ళరంగుతో 312 అని రాసిపెట్టింది. ఇప్పుడు ఆ కుర్రాడే అడుగు తిప్పి చూసుకుంటాడు. టిఫిన్ హోటల్‌కి క్యారియర్ గిన్నెలు. పొగలు కక్కే సాంబారుని ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేస్తుంటే చూడలేను. నూనె గానుగ దగ్గరికి మన డబ్బా, పచారీ కొట్లో విడి సరుకులకి మన సంచులు. షాంపూ, నూనె పొట్లాలు తగ్గించండి. ఆ చిన్న సాచెట్లు రెండు మూడు పొరలు అతికించిన సరుకు, పాత సామాన్ల వాడు కూడా తీసుకోడు. నేను అతన్నే అడిగి ఒక జాబితా రాసుకున్నాను. కడిగిన పాల కవర్లు, అట్టలు, పేపర్లు, బాటిళ్ళు, ఇనుము తీసుకుంటాడు. చిప్స్ కవర్లు, సాచెట్లు, థర్మోకోల్ వద్దంటాడు. అతను వద్దన్నది సాధ్యమైనంతవరకు కొనకండి. ఇంతకన్నా సులువైన పర్యావరణ పరీక్ష నాకు తెలియదు.

శుభకార్యం వస్తే

నెలల తరబడి చేసిన ఆదా ఒక్క ఫంక్షన్‌తో కొట్టుకుపోతుంది. మా మనవడి అన్నప్రాశనకి 150 మందిని పిలిచాం. తలా రెండు చిన్న నీళ్ళ బాటిళ్ళు అనుకున్నా 300 అవుతాయి, సగం తాగి వదిలేసేవే ఎక్కువ. క్యాటరింగ్ ఆయనతో ముందే మాట్లాడాలి, వంట మొదలయ్యాక మాట్లాడితే కుదరదు. మేం 20 లీటర్ల టిన్నులు, షామియానా సప్లయి షాపులో అద్దెకి తెచ్చిన స్టీలు గ్లాసులు పెట్టాం. గ్లాసులు కడగడానికి ఇద్దరు మనుషులకి కూలి ఇచ్చాం. దాన్ని దాచి చెప్పను, ఖర్చు కాస్త ఎక్కువైంది. అరిటాకులకి ఈ జిల్లాల్లో కొదవలేదు. బఫే కావాలని పట్టుబట్టిన వాళ్ళకి అడ్డాకుల ప్లేట్లు పెట్టాం. మా బావగారు మాత్రం చివరిదాకా బాటిల్ ఏదని అడుగుతూనే ఉన్నారు.

కరెంటు లెక్క

డిపోలో ప్రతి డ్రైవరుకీ కేఎంపీఎల్ చూసేవాళ్ళు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడని. ఇంట్లో ఆ చూపు కరెంటు మీద పెట్టాలి. మన ఊరి పక్కనే ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దూరం నుంచే కనబడతాయి. మనకొచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. ఒక యూనిట్ తయారు కావడానికి సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. బిల్లు మీద యూనిట్లని నేను బొగ్గు కిలోలుగా మార్చుకుని చూస్తాను. అలా చూస్తే గదిలో ఎవరూ లేనప్పుడు తిరిగే ఫ్యాన్ కంట్లో పడుతుంది.

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు మోటారున్న ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. బెజవాడ ఎండల్లో ఫ్యాన్ రోజుకి 15 గంటలు తిరుగుతుంది కాబట్టి, ఒక్కో ఫ్యాన్ మీద నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. బొగ్గులో 12 కిలోల పైమాటే. పని చేస్తున్న వస్తువుని మార్చకూడదన్నది నా సూత్రం, ఫ్యాన్ దగ్గర మాత్రం సడలించాను. హాల్లో, పడకగదిలో మార్చాం. రోజుకి గంట తిరిగే పూజగది ఫ్యాన్ పాతదే. దాన్ని మారిస్తే కొత్త ఫ్యాన్ తయారీకి అయిన ఖర్చు కూడా తిరిగి రాదు.

ఫ్రిజ్, ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకండి. ఆ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది, ఏ సంవత్సరపు లేబులో కూడా ఉంటుంది. ప్రమాణాలు కొన్నేళ్ళకోసారి బిగిస్తారు కాబట్టి పాత ఐదు నక్షత్రాలు, కొత్త ఐదు నక్షత్రాలు ఒకటి కావు. రెండు మోడళ్ళ యూనిట్ల అంకె పక్కపక్కన పెట్టి చూడండి. ఏసీలో ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. మేం 26లో పెట్టి ఫ్యాన్ ఒకటో నంబరులో వేస్తాం. రోహిణి కార్తెలో మా అబ్బాయి రహస్యంగా 23కి దింపుతాడని నాకు తెలుసు, బిల్లు చెబుతుంది.

సొంత మేడ ఉన్నవాళ్ళు సోలార్ గురించి ఆలోచించండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లు లేదా ఆపైన 78,000 రూపాయలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. అద్దెకుండేవాళ్ళం మేం. ఇంటాయన చెవిలో వేస్తూనే ఉన్నాను.

మంచినీళ్ళ మిషను గురించి కూడా చెప్పాలి. ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి పనికొస్తాయన్నది మన దేశపు ప్రమాణం. కొన్ని వందల రూపాయలకి టీడీఎస్ మీటరు దొరుకుతుంది. మా కుళాయి కృష్ణ నీళ్ళలో పెడితే 280 చూపించింది. అంటే పదకొండేళ్ళు అనవసరంగా ఆర్వో నడిపాం. ఇప్పుడు యూవీ ఫిల్టరు, కాంతితో క్రిముల్ని చంపేది. మీటరు క్రిముల్ని చూపించదు, అందుకని అంకె బాగుంది కదా అని వడకట్టకుండా, కాచకుండా తాగొద్దు. మీకు బోరు నీళ్ళయితే లెక్క వేరుగా రావచ్చు, ముందు కొలవండి. ఆర్వో తప్పనిసరైతే ఆ వదిలే నీళ్ళు బకెట్లో పట్టి ఇల్లు తుడవండి.

బాగు చేయించడం

మా ఫ్రిజ్ పన్నెండేళ్ళది. మొన్న వేసవిలో ఆగకుండా తిరుగుతుంటే, షోరూములో ఒకాయన పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయమన్నాడు. ఇంటికొచ్చి డోరు సందులో ఒక కాగితం పెట్టి మూశాను. లాగితే సులువుగా వచ్చేసింది. డోరు చుట్టూ రబ్బరు గాస్కెట్ పోయింది, అంతే. గాస్కెట్ అంటే ఇంజను విప్పినవాళ్ళకి తెలియనిదా. కొత్తది వేయించాను, చల్లగా ఉంది. మిక్సీ మోటారు కాలితే వైండింగ్ చేసేవాళ్ళు, కుక్కరు పిడి, స్టవ్ బర్నరు, గొడుగు పుల్ల బాగుచేసేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. బండ్లు బాగుచేసే ఆటోనగర్ ఉన్న ఊరు ఇది, బాగు కానిదంటూ తక్కువ. కొనేటప్పుడే "దీని స్పేరు విడిగా దొరుకుతుందా?" అని అడగండి. సేల్స్ కుర్రాడు తడబడితే ఆ మోడల్ వదిలేయండి.

బట్టలు కూడా అంతే. పండక్కి ఐదు పాలిస్టర్ చీరల డబ్బుతో రెండు మంగళగిరి నూలు చీరలు తీసుకుంది మా ఆవిడ. పాలిస్టర్ ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ నూగు నీళ్ళలో కలుస్తుంది. నూలు చీర చివరికి బొంతవుతుంది, తర్వాత తుడుపుగుడ్డ అవుతుంది.

ఇండెంటు పుస్తకం

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది. సరుకులు, మందులు కాకుండా ఎవరికి ఏం కావాలన్నా, ఫోన్‌లో నొక్కే ముందు దాని మీద రాయాలి. శనివారం రాత్రి అందరం కూర్చుని చూస్తాం. పాతది ఎక్కడుంది, బాగవుతుందా, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చా. మిగిలినవన్నీ కలిపి ఒకే ఆర్డరు పెడతాం, అట్టపెట్టెలు తగ్గుతాయి. మొదట్లో కోడలికి ఇది మామగారి పెత్తనంలా అనిపించింది, ఆ మాట నాతోనే అంది. అందుకే సంతకం చేసే పని ఆమెకే అప్పగించాను.

పోయిన శనివారం కాగితం మీద తొమ్మిది ఉన్నాయి. ఐదు కొట్టేశాం. రాసినవాళ్ళకే ఎందుకు రాశారో గుర్తులేదు. మూడింటికి కోడలు ఒప్పుకుంది. తొమ్మిదోది నాది, కొత్త డిజిటల్ కాటా. చెత్త తూచీ తూచీ పాత దాని స్ప్రింగ్ సాగిపోయి ఏది పెట్టినా రెండు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. కోడలు కాగితం చూసి, నా మొహం చూసి, "పాతది తెచ్చి కౌంటరు మీద పెట్టండి మామయ్యగారూ" అంది. రేపు దాన్ని పట్టుకుని కాటాలు బాగుచేసే మనిషిని వెతుక్కుంటూ వన్‌టౌన్ వెళ్తున్నాను.